దమనకుని పాఠము

చెన్నపురిలోని తెలుగు పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, ఉపాధ్యాయినులకు బహిరంగ లేఖ



1853వ సంవత్సరమున ఈ చెన్నపట్టణముననే పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక వెలువడినది. అది విద్యార్థుల చదువునకై పుట్టిన గ్రంథమనియు, దానిలో సూరిగారు రచించినవి మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములేయనియు, తక్కిన సంధి విగ్రహములను పిమ్మట వీరేశలింగం పంతులుగారు పూరించిరనియు మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఆ మిత్రభేదమును తరతరముల విద్యార్థులు చదివిరి; సంధులు విడదీసిరి, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పిరి, ప్రతిపదార్థములు కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనిరి. కాని మాట ఒక ప్రాణిని ఎట్లు చంపునో పిల్లలకు అంత విశదముగా చూపిన పాఠము మన భాషలో మరియొకటి అరుదన్న సంగతిని నేనెరిగిన యే పరీక్షాపత్రమును పట్టించుకొనలేదు.

కథ మీరెరిగినదే. దమనకుడు నక్క, వానికి సింహమునకున్న పంజా లేదు, వృషభమునకున్న కొమ్ములు లేవు, ఉన్నది నాలుక యొక్కటే. పింగళకునకును సంజీవకునకును చెలిమి కుదిర్చినవాడును వాడే, ఆ చెలిమిలో తనకు చోటు తగ్గినదని తోచినప్పుడు దానిని విరుగగొట్టినవాడును వాడే. వాడు రాజు చెంతకు ఏకాంతమున పోయి, ఎద్దు నీ రాజ్యమునకు కన్నువేసినదనెను. ఎద్దు చెంతకు పోయి, రాజు నిన్ను చంపదలచినాడనెను. అంతటితో ఆగక, ఎదుటివాని నిలుకడలో, చూపులో ఏయే గుర్తులు కనబడునో ముందే ఇరువురకును నూరిపోసెను. ఆ తరువాత వారొకరినొకరు చూచుకొన్నప్పుడు, భయముచేత బిగిసిన ఒకని దేహమే రెండవవానికి ద్రోహమునకు సాక్ష్యమై కనబడినది. సింహము ఎద్దును పిలిచి, ఇది నిజమాయని అడుగలేదు. ఎద్దు కూడ నోరు విప్పి అడుగలేదు. ఎద్దు చచ్చినది. నక్కకు శిక్ష లేదు. పైపెచ్చు రాజును ఓదార్చిన గౌరవము కూడ దానికే దక్కినది.

ఇందులో నన్ను చిరకాలముగా వేధించుచున్న పాత్ర దమనకుడు కాదు, కరటకుడు. వానికి సర్వము తెలియును. మిత్రుని ముఖముననే వాని దుర్బుద్ధిని నిందించెను, నీతులు బోధించెను. రాజు చెంతకు పోయి ఒక్క మాట మాత్రము చెప్పలేదు. ఎనిమిదవ తరగతి గదిలో ఒకడు పుకారు పుట్టించువాడు, ఒకడు దానికి గురియైనవాడు కాగా తక్కిన ముప్పదిమందియు కరటకులే. 1947 జూలైలో ఈ నగరమునుండియే బయలుదేరిన చందమామ పత్రిక ద్వారా బేతాళుని నిబంధన తెలుగింటి పిల్లలందరికిని పరిచితమైనది: తెలిసియు చెప్పకపోయితివా, తల వ్రక్కలగును. పిల్లలు దానిని భయముతో కూడిన ఆటగా చదివిరి. నాకైతే అందులో తరగతి గదికి పనికివచ్చు ధర్మమొకటి కనబడుచున్నది. మాట్లాడుటకే కాదు, తెలిసి మిన్నకుండుటకు కూడ ఫలితమున్నదని మనము పిల్లలకు ఎప్పుడు చెప్పితిమి? మనము వారికి పదే పదే చెప్పినది ‘నీకెందుకు, నీ పని నీవు చూచుకొనుము’ అని కదా!

మీ గోడలమీది సూక్తులను నేను చూచితిని. వార్షికోత్సవ వేదికపై వేమనను, సుమతీ శతకకారుని అప్పజెప్పిన పసివారి ముద్దుపలుకులకు అందరితోపాటు నేనును చప్పట్లు కొట్టితిని. అయినను ఆ పద్యములు అప్పజెప్పు నోళ్లే అరగంట గడవకముందు ఆవరణలో తోటివారిని ఏమేమి పిలుచునో మీకు తెలియును. దీనికి పిల్లలను నిందింపరాదు. బిడ్డకు పద్యము సంవత్సరమున కొకమారు వినబడును. ‘మొద్దు’, ‘దున్నపోతు’, ‘నీ తమ్ముని చూచి నేర్చుకో’ అన్నవి దినమునకు పదిమార్లు వినబడును. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 17వ విభాగము దేహదండనతో పాటు మానసిక హింసను కూడ నిషేధించినది. బెత్తము చాలవరకు బడులనుండి తప్పుకొన్నది. బెత్తము చేయు పనిని మాట పుచ్చుకొన్నది. దెబ్బ గుర్తు నాలుగు దినములైనను కనబడును గనుక తల్లిదండ్రులు దానిని చూచి తగవునకు వత్తురు. మాట గుర్తు ఎవరికిని కనబడదు గనుక ఎవరును రారు.

ఇండ్లలో జరుగునది ఇంతకన్న సూక్ష్మమైనది. మన భాషలో ‘నీవు’ అని ఒకరిని, ‘మీరు’ అని యొకరిని పిలుచు ఏర్పాటున్నది. అది సంస్కారమని మనము గర్వింతుము. ఆరేండ్ల పిల్లవాడు పొరుగింటి బ్యాంకు ఉద్యోగిని ‘అంకుల్, మీరు’ అనియు, వాని అమ్మమ్మ యీడు కల పనిమనిషిని ‘నువ్వు’ అనియు పిలుచుచుండగా, ఎవరును వానిని దిద్దరు. దిద్దకపోవుటయే గాక, ‘నువ్వు’ అనుట వానికి నేర్పినదే మనము. గౌరవవాచకము వయస్సునకు కాక జీతమునకు ఇయ్యబడునని ఆ బాలుడు ఏ పుస్తకము చదువకయే గ్రహించును. ఈ విషయమున తమిళుల వీధిమర్యాద మనకన్న కొంత మేలని నా యభిప్రాయము: బస్సు కండక్టరు కాని, ఆటో నడుపునతడు కాని, కూరలమ్ము స్త్రీ కాని, పరిచయము లేకున్నను ‘అణ్ణా’, ‘అక్కా’ అని పిలువబడును. తమిళులకును తమ దోషములున్నవి, వానిని వారు చూచుకొందురు.

ఈ నగరపు తెలుగు బిడ్డకు ఇంకొక సంకటమున్నది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఇంగ్లీషు. మూడు భాషలలోను తిట్టు ముందు వచ్చును, మన్నన పిదప వచ్చును. పెరంబూరులో కాని, కొరుక్కుపేటలో కాని, త్యాగరాయనగరములో కాని ఏ తెలుగు పిల్లవాని నడిగినను, తెలుగువారిని హేళన చేయు ‘గొల్టి’ అను మాటను తాను మొదట ఎక్కడ వింటినో చెప్పును. అనువారు దానిని వేళాకోళమనుకొందురు. విను పిల్లవాడు ఆ సాయంకాలము నుండి బస్సులో తల్లితో తెలుగున మాట్లాడుటకు సంకోచించును. మరి ఆ తల్లి ఇంటికి వచ్చి ఏమనును? ‘ఈ అరవవాళ్లింతే’ అని మూతి విరుచును. ఒక అవమానమును మరియొక అవమానముతో కడుగు విద్య ఆ బిడ్డకు ఆ పూటనే అబ్బును. ఈ నగర వీధులను ఊడ్చి, కాలువలను శుభ్రపరచు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాటలాడు కుటుంబములవారు అనేకులున్నారు. వారి పిల్లలకు భాష పేరిట ఒక పోటు, కులము పేరిట ఒక పోటు తగులును. రెండవ పోటు తరచుగా తోటి తెలుగువారి నోటినుండియే వచ్చునని చెప్పుటకు నాకు సిగ్గుగా ఉన్నది.

ఇది చిన్నపిల్లల చిలిపితనమని తోసివేయువారు నాంగునేరిని తలచుకొనవలెను. 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లాలోని ఆ ఊరిలో, తనను వేధించుచున్న సహవిద్యార్థులను గూర్చి బడిలో చెప్పుకొన్న యొక దళిత బాలుని, రాత్రివేళ ఇంటిలో జొరబడి కొడవళ్లతో నరికిరన్న వార్త రాష్ట్రమును కుదిపినది. అడ్డుపడిన చెల్లెలును గాయపడినది. పిదప ప్రభుత్వము మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రుగారిని ఏకసభ్య సంఘముగా నియమించినది. ఆయన 2024 జూన్‌లో నివేదిక సమర్పించిరి. కులమును చాటు మణికట్టు రంగుదారములను నిషేధింపవలెననియు, విద్యార్థుల కులవివరములను గోప్యముగా ఉంచవలెననియు, ఉపాధ్యాయులు పిల్లల కులమును ఎత్తి పిలువరాదనియు అందున్నది. ఆరవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు వారమున కొక గంట నీతిబోధకు కేటాయింపవలెనని కూడ ఉన్నది. 2025 ఏప్రిల్‌లో ‘కాలనీ’ అను మాటను ప్రభుత్వ దస్తావేజులనుండి తొలగింతుమని ముఖ్యమంత్రి స్టాలిన్‌గారు శాసనసభలో ప్రకటించిరి. హైదరాబాదులో ఇంటి విలువను పెంచు ఆ మాటయే ఈ రాష్ట్రమున వెలివాడకు గుర్తై, చిరునామా చెప్పవలసిన పిల్లలను తలవంచుకొనునట్లు చేయుచున్నది మరి. ప్రభుత్వమే తన మాటలను దిద్దుకొనుచున్నప్పుడు బడులు దిద్దుకొనుట వింత కాదు.

అయితే నాంగునేరి నుండి నేను గ్రహించినది అందరును చెప్పునది కాదు. పిల్లలకు మాటల శక్తిని నేర్పుమనగానే మనకు తోచునది వారి నోటిని అదుపులో నుంచుట: పరుషము పలుకకుము, అబద్ధమాడకుము, ఎదురు చెప్పకుము. ఆ బాలుడు పరుషము పలుకలేదు. జరిగినది చెప్పినాడు. పసివాడు పలుకు మాటలన్నిటిలోను అత్యంత కఠినమైనది అదియే; దానికి మనము కాపుదల ఇయ్యలేకపోతిమి. నోరు మూయుటను మాత్రము చక్కగా నేర్పి, నోరు తెరచుటను నేర్పని బోధ సగము బోధ మాత్రమే కాదు, అది దమనకులకు అనుకూలమైన బోధ. ఏలయన దమనకుని సామర్థ్యమంతయు తక్కినవారి మౌనముననే ఉన్నది.

నోరు తెరచుట ఎట్లు నేర్పవలెనని అడుగుదురు. ఈ నగరమే ఒకప్పుడు దానిని నేర్పినది. 1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రము మొదలైన పిదప, న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు అను దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై పిల్లలను మైకు ముందునకు తెచ్చిరి. ఆ రోజులలో ప్రసారములు చాలవరకు అప్పటికప్పుడు జరిగిపోవునవే. పలికిన మాట పలికినట్లే గాలిలో కలిసి, ఎక్కడెక్కడి ఇండ్లలోనో వినబడును, వెనుకకు తీసికొనుటకు వీలులేదు. ఇది ఎంత గొప్ప శిక్షణయో ఆలోచింపుడు! తన మాటను ఎవరో వినుచున్నారన్న స్పృహ కలిగిన బిడ్డ, ఆ మాటను నోట పెట్టుకొనుటకు ముందు తనంత తానే తూచుకొనును. అన్నయ్య అక్కయ్యలు పిల్లలకు ఉపన్యాసములు దంచక వారిచేతనే పాడించిరి, ఆడించిరి, చెప్పించిరి. తాము ప్రక్కనుండి వినిరి. 1945లో వారు ‘బాల’ పత్రికను వెలువరింపగా, అందులో పిల్లల రచనలకు చోటు దొరకినది. ముళ్లపూడి వెంకటరమణగారి తొలి కథ అచ్చయినది ఆ యేడే, అందులోనే. దాని పేరు ‘అమ్మ మాట వినకపోతే’. పెద్దల మాట వినుమని చెప్పు కథను ఒక పసివాడు వ్రాయుటయు, దానిని పెద్దలు వినుటయు ఒక్కమారే జరిగినవి. బుడుగును సృష్టింపబోవు చేతికి అంతకన్న తగిన ఆరంభమేమి కావలెను?

మరియొకరిని తలచుకొందును. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛంద సేవికగా నిలిచిన పదునాలుగేండ్ల దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూను లోనికి విడువలేదు. నిర్వాహకులు కంగారుపడి టికెట్టు తెచ్చి ఇచ్చిన పిమ్మటనే ఆయనకు దారి దొరకినది. నెహ్రూ ఆమె పట్టుదలను మెచ్చుకొనిరి. ఆ బాలిక పలికినది తీపిమాట కాదు, కటువుమాటయు కాదు. తనకు అప్పగించిన పని చెప్పించిన మాట. ఆమెయే 1937లో ఈ చెన్నపురిలో ఆంధ్ర మహిళా సభను స్థాపించినది. ఆనాడు ఆ ‘కుదరదు’ అన్న మాటకు చీవాట్లు పడియుండినచో తరువాత ఏమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? మీ బడిలో ఒక ఏడవ తరగతి పిల్ల విద్యాశాఖాధికారిని గేటువద్ద నిలిపి, ‘సందర్శకుల పుస్తకములో సంతకము చేయుడు’ అన్నచో ఆ సాయంకాలము ఆమెకు శభాషు లభించునో, మందలింపు లభించునో మీరే ఆలోచింపుడు.

కావున నేను కోరునది కొత్త పాఠ్యపుస్తకము కాదు. చంద్రుగారు సూచించిన ఆ వారపు గంటయే రానిండు, మీ తెలుగు పీరియడ్లలో ఒకటియే కానిండు, దానిని బోధకు కాక వినుటకు విడిచిపెట్టుడు. మొదటి నెల మిత్రభేదమును చదువుడు. చిన్నయసూరిగారి గ్రాంథికము కొరకరాని కొయ్యయైనచో కథను మీ మాటలలోనే చెప్పుడు. సింహము ఎద్దును ఏల అడుగలేదు? కరటకుడు ఏ దినమున ఎవరితో ఏమి చెప్పియుండవలసినది? అని అడిగి, ఆవల మీరు మౌనము వహింపుడు. పిల్లలు తమ తరగతి వాట్సాప్ గుంపును గూర్చి మాట్లాడుట మొదలుపెట్టుటకు అట్టే కాలము పట్టదు.

పుకారు పుట్టించినవానిని పట్టి ‘సారీ’ చెప్పించుటను దయచేసి మానుడు. ఆ మాట మనకు ఈనాడు తుమ్మువంటిదైనది, వచ్చును, పోవును. దానికి మారుగా, ఆ అబద్ధమును ఎవరెవరితో చెప్పినాడో వారందరి ముందును, అది అబద్ధమని వానిచేతనే చెప్పింపుడు. పదుగురితో చెప్పియుండినచో పదుగురితోను. నాలుగవవాని వద్దకు చేరునప్పటికి వానికి తెలియును, మాట ఎంత దూరము పోయినదో, దానిని వెదకి తెచ్చుట ఎంత శ్రమయో. వానిని పరిహసించుచు ఆ పని చేయింపరాదు. పరిహాసమునకు పరిహాసము శిక్ష కానేరదు.

నిషిద్ధపదముల పట్టికను గోడకు తగిలింపవలదనియు ప్రార్థించుచున్నాను. పిల్లలు వారము తిరుగకముందే పట్టికలో లేని మాటను కనిపెట్టుదురు; ఆ విద్యలో వారు మనకన్న ప్రవీణులు. అంతే గాక, ప్రాణస్నేహితులిద్దరు ఒకరినొకరు ‘ఓరి వెధవా’ అని పిలుచుకొనుటలోని ఆప్యాయతను పట్టిక ఎరుగదు. ఒక మాట గాయపరచినదో లేదో చెప్పవలసినవాడు దానిని పొందినవాడే. వానినే అడుగుడు, ఒంటరిగా అడుగుడు, పదిమంది ముందు కాదు. ఇంటిలో కాని, బడిలో కాని నోట చెప్పుకొనలేని కష్టము కలిగినచో 1098 అను సంఖ్యకు రుసుము లేకయే ఫోను చేయవచ్చునని పిల్లలకు తెలుపుడు. సూక్తుల నడుమ ఆ నాలుగంకెలకును గోడపై చోటియ్యుడు.

మీ కష్టములు నేనెరుగనివి కావు. తెలుగు తరగతులలో పిల్లలు ఏటికేడు తగ్గుచున్నారు; ఖాళీలు నిండుట లేదు; ఒక్క ఉపాధ్యాయిని రెండు మూడు తరగతులను ఈదుకొనివచ్చుచున్నది; పరీక్షాఫలితములు తప్ప అధికారులు అడుగునది మరేమియు లేదు. ఇట్టి స్థితిలో ఈ ముసలివాడు గంటలను గూర్చి మాట్లాడుచున్నాడని మీరు విసుగుకొన్నను తప్పు పట్టను. కాని పిల్లలు తక్కువగా ఉన్న తరగతిలో ఒక సౌకర్యమున్నది: ప్రతి బిడ్డ మాటకును వంతు వచ్చును. అరువదిమంది గదిలో అది అసాధ్యము.

ఒక హెచ్చరిక చేసి ముగింతును. ఆ గంట మొదలుపెట్టిన తొలి వారములలో పిల్లలు ఏమియు చెప్పరు. చెప్పినచో ఏమగునోయని మీ ముఖములు చూతురు. పిదప ఒకనాడు ఎవరో యొక బాలిక లేచి చెప్పును. అది తోటివారిని గూర్చి కాక, బహుశః మీ ఉపాధ్యాయులలో నొకరిని గూర్చియే కావచ్చును, లేదా మిమ్ములను గూర్చియే కావచ్చును. ఆనాడు ఆమె తల్లిదండ్రులను పిలిపింపకుడు. ఎవరు చెప్పమన్నారని అడుగకుడు. మీ ఎదుట కుర్చీ వేసి ఆమెను కూర్చుండబెట్టి, చెప్పునది తుదివరకు విని, మరునాడు ఆమె బడికి వచ్చినదో లేదో మీరే స్వయముగా పోయి చూడుడు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక చెన్నపురి తెలుగు గృహస్థుడు